బూట్ల దొర సమాధి

మా ఆయన దేవదానం పోయి మూడేళ్లు. జమ్మలమడుగు సమాధుల తోటలో ఆయన పక్కనే నాకూ చోటు కావాలని అడిగితే, అట్లయితే నేను ఇంకా పన్నెండేళ్లు బతకాలని సంఘం కమిటీ తేల్చి చెప్పింది. తోట నిండిపోయిందట. ఇకమీదట కొత్త గుంత తవ్వడానికి లేదు. ఎవరి ఇంటి సమాధిని వాళ్లే తెరుచుకుని అందులోనే పెట్టుకోవాలి. పెళ్లయిన ఆడదానికి మొగుడి సమాధే లెక్క, పుట్టింటివి కాదు. ఒకసారి పూడ్చిన గుంతను మాత్రం పదిహేనేళ్ల దాకా తెరవకూడదు. మూడు అయిపోయాయి, పన్నెండు మిగిలాయి. నాకు డెబ్బై అయిదు దాటాయి. షుగరుంది, బీపీ ఉంది, ఎడమ కంటిలో పొర ఉంది. ఈలోపల పోయానంటే మైలవరం రోడ్డులో కొత్తగా తీసుకున్న రాళ్లగుట్ట మీద పెడతారు. అక్కడ ఇంకా ఎవరినీ పెట్టలేదు. మొదటి మనిషిని నేనే కావాలి, పలకరించడానికి పక్కన ఇంకొకరు కూడా ఉండరు.

ఇంతలో కమిటీ సెక్రటరీ రత్నకుమార్ మా కూతురి ఇంటికి, ప్రొద్దుటూరికి వచ్చాడు. నేను ఇప్పుడు ఉండేది అక్కడే. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, నా పక్కకు జరిగి కూర్చున్నాడు.

"అవ్వా, నీకొక ఉపాయం చెప్తాండా ఇను. దేవదానం తాత పక్కన బూట్ల దొర సమాధి ఉండాది గదా. అందులో ఉండేది మనిషి కాదంట గదా, వట్టి బూట్లంట గదా?"

"అయితే?"

"అయితే ఏముండాది? వచ్చే ఆదివారం మీటింగులో ఆ మాట నువ్వు చెప్పు. అందులో మనిషి ల్యాడు, బూట్లే అని. పెద్దోళ్లు తీర్మానం రాస్తారు, బూట్లు తీసి పారేస్తారు, చోటు నీ పేరున రాస్తారు. ఆ కాలం సంగతి తెలిసినోళ్లు నువ్వొక్కదానివే మిగిలుండావు."

"మనిషే ఉండాడు అంటే?"

"మనిషైతే వాళ్ల ఇంటోళ్లు తప్ప ఎవరూ తెరవగూడదు. స్కాట్లాండ్ నుంచి ఎవరొస్తారవ్వా? అది అట్నే ఉంటాది. నువ్వు గుట్ట మీదికి పోతావు."

అతను వెళ్లిపోయాడు. ఒక్క మాట చెబితే మా ఆయన పక్కన చోటు దొరుకుతుంది. కానీ ఆ ఒక్క మాట మా అవ్వ బతికి ఉంటే నా నోట రానిచ్చేది కాదు. నాకు చదువు సంతకం వరకే. అందుకని జరిగింది జరిగినట్టు నేను చెబుతుంటే, నా మనవరాలు రాస్తోంది.

మా అమ్మ నన్ను కని పోయింది. నన్ను పెంచింది మా అవ్వ మార్తమ్మ. జమ్మలమడుగులో మిషను ఆసుపత్రి పక్కన బంగళాలో డాక్టర్ దొరసానికి వంట చేసేది. మా ఇల్లు బంగళా వెనక రెండు గదులు. తెల్లారకముందే అవ్వ లేచి, పొయ్యి అలికి, దొరసాని టీకి ఒక కుండ, స్నానానికి ఒక అండా నీళ్లు పెట్టేది. పొయ్యిలోకి కందికంప, చెనిక్కాయ పొట్టు. ఆ పొగ వాసన, ఆసుపత్రి నుంచి వచ్చే ఫినాయిలు వాసన కలిసి మా ఇంట్లో ఒక వాసన ఉండేది. ఇప్పటికీ ఏ ఆసుపత్రికి పోయినా నాకు ఆకలి వేస్తుంది. అవ్వకు పొగాకు నమిలే అలవాటు. మిషను వాళ్లకు అది తప్పు. పాస్టరయ్య వస్తున్నాడంటే దవడలోకి నెట్టేసుకుని, ఆయన ప్రార్థన అయ్యేదాకా 'ఊఁ, ఊఁ' అంటూ ఉండేది. మార్తమ్మకు భక్తి ఎక్కువ, నోట మాట రాదు అని ఆయన అందరితో చెప్పేవాడు.

దొరసాని పొడుగ్గా, ఎర్రగా, ఎండకు మొహమంతా మచ్చలు పడి ఉండేది. మన భాష పుస్తకాల్లో కాకుండా రోగుల దగ్గర నేర్చుకుంది. అందుకని అచ్చం జమ్మలమడుగు మాటే మాట్లాడేది. "ఏందే మే, కడుపునొప్పి ఎప్పట్నుంచి ఉండాది? ఏం తిని సచ్చినావు?" అని అడిగేది. ఒకసారి గుంటూరు వైపు నుంచి కొత్త నర్సమ్మ వచ్చింది. దొరసాని తన పేరు అడిగిన తీరు విని, ఈమె తిడుతోందనుకుని ఏడ్చింది. "తిట్టలేదమ్మా, పేరడిగినాను," అని దొరసాని నచ్చజెప్పవలసి వచ్చింది.

ఆ దొరసానికి ఒక తమ్ముడు, పేరు అలెక్. దొరసాని గదిలో గోడకు ఆయన పటాలు రెండు ఉండేవి. ఒకదానిలో అడ్డచారల అంగీ, మోకాళ్ల వరకు లాగూ వేసుకుని, బంతి మీద ఒక కాలు పెట్టి నిలబడి ఉంటాడు. రెండోదానిలో సిపాయి బట్టలు. మొదటి పటంలో నవ్వుతున్నాడు, రెండోదానిలో నవ్వును బలవంతాన ఆపుకున్నట్టు ఉంటాడు. అవ్వ రోజూ ఆ పటాల దుమ్ము తుడిచేది. తుడిచేటప్పుడల్లా లాగూ పొట్టిగా ఉందని ఒకసారి గొణిగేది.

అలెక్ కథ దొరసాని అవ్వకు చెప్పింది, అవ్వ నాకు చెప్పింది. ఎవరు ఎక్కడ ఏం కలిపారో నాకు తెలియదు. వాళ్లది స్కాట్లాండ్‌లో ఒక బొగ్గుగని ఊరు. తండ్రి గనిలో పని. అలెక్ కూడా మీసం రాకముందే గనిలో దిగాడు. పొద్దున చీకట్లో దిగి, సాయంత్రం పైకి వచ్చి, మొహం కూడా కడగకుండా బొగ్గుదిబ్బ పక్కన బంతి తన్నేవాడట. ఎడమకాలు మంచి వాటం. ఒకరోజు పట్నం నుంచి టోపీ పెట్టుకున్న మనిషి ఒకాయన వచ్చి, కాసేపు చూసి, ఇకమీదట గనిలో దిగొద్దు, మా దగ్గరికి వచ్చి బంతి తన్ను, వారం వారం జీతం ఇస్తామన్నాడు. ఇక్కడికి వచ్చేసరికి అవ్వ ఎన్నిసార్లు విన్నా నమ్మేది కాదట.

"బంతి తన్నితే జీతమా దొరసానమ్మా?"

"జీతమే మార్తమ్మా."

"ఎవరు తన్నమన్నారు? తన్నకుంటే ఏమైతాది?"

"తన్నకుంటే ఓడిపోతారు."

"ఓడిపోతే ఏమైతాది?"

"ఏం గాదు. మళ్లా శనివారం తన్నుతారు."

అవ్వ చాలాసేపు ఆలోచించి, "శానా మంచి ఉద్యోగం," అన్నదట. ఆ తర్వాత మా వీధిలో ఎవరి పిల్లవాడు దారిలో రాయిని తన్నినా కొట్టనిచ్చేది కాదు. తన్నుకోనీ, ఏ పుట్టలో ఏ జీతం ఉందో అనేది.

అలెక్ అయిదేళ్లు ఆ ఉద్యోగం చేశాడు. వేలమంది డబ్బులిచ్చి చూసేవాళ్లట. మంచి ఊపు మీద ఉండగా యుద్ధం వచ్చింది, రెండో యుద్ధం. ఆటలు ఆపేశారు. వాళ్ల జట్టులో నలుగురు ఒకేరోజు పోయి సైన్యంలో పేర్లు రాయించారు. ముగ్గురిని తీసుకుని అలెక్‌ను వెనక్కి పంపారు. ఆడి ఆడి కుడిమోకాలు అరిగిపోయిందట. ఆయన ఊరుకోలేదు. వేరే ఊరికి పోయి మళ్లీ నిలబడ్డాడు. మోకాలు చూపించమంటే ఎడమదే రెండుసార్లు చూపించాడు. ఆ డాక్టరు చాలా బాగుందని రాసేశాడు. ఇది చెప్పేటప్పుడు దొరసాని డాక్టర్ల జాతినంతా తిట్టేదట.

ఆయన్ని ఎడారికి పంపారు. అక్కడినుంచి జాబులు రాసేవాడు. యుద్ధం మాట ఒక్కటీ ఉండేది కాదు. ఇసుకలో బంతి పైకి లేవడం లేదు, పెట్రోలు డబ్బాలు నిలబెట్టి గోలు చేసుకున్నాం, మా ఆఫీసరుకు ఆట రాదు, అయినా కెప్టెన్ ఆయనే, ఇట్లాంటివే. మూటలో బంతి బూట్లు దాచుకున్నాడని తెలిసి ఆ ఆఫీసరు శిక్ష వేశాడు. శిక్ష అయిపోయాక మళ్లీ మూటలో పెట్టుకున్నాడు. ఒకరోజు లారీ అంటుకుంది. ఆయన రెండుసార్లు పోయి ఇద్దరిని భుజాన వేసుకుని వచ్చాడు. మూడోసారి పోయినవాడు రాలేదు. వెతికితే పూడ్చడానికి ఏమీ దొరకలేదు. తల్లి తండ్రి అప్పటికే లేరు. మిగిలింది ఒక్క అక్క, ఆ అక్క జమ్మలమడుగులో కాన్పులు చేస్తోంది. అందుకని ఆ మూట సముద్రాలు దాటి, ఎన్ని నెలలకో మా బంగళాకు వచ్చింది.

అప్పటికి నేను పుట్టలేదు. భోజనాల బల్ల మీద మూట విప్పితే గడ్డి వాసన, చమట వాసన, కొవ్వు వాసన వచ్చిందట. చీలమండల వరకు ఎత్తున్న తోలు బూట్లు, అడుగున తోలుబిళ్లలు మేకులతో కొట్టి ఉన్నాయి. దొరసాని మూడు రోజులు వాటిని బల్ల మీదే ఉంచింది. ఆసుపత్రికి పోయేది, వచ్చేది, బూట్ల ఎదురుగా కూర్చుని తినేది. నాలుగోరోజు పాస్టరయ్యను పిలిచి, నా తమ్మునికి సమాధి కట్టాలి, వాని శవం ల్యా, ఇవి ఉండాయి అంది.

పాస్టరయ్యకు ఏం చేయాలో తోచలేదు. మనిషి శరీరానికి చదివే మాటలు బూట్లకు చదవవచ్చా? పెద్ద ఊరిలో ఉండే పెద్దయ్యలకు జాబు రాసి అడుగుదామన్నాడు. అప్పుడు చెప్పులు కుట్టే ఓబులయ్య తాత ఆ బూట్లను తిప్పి తిప్పి చూశాడట.

"కుట్టినోడు మంచి పనోడు. ఇది ఏసుకున్నోడు కుడికాలు సరిగా ఆనించడు, బరువంతా ఎడమదాని మీదనే. మనిషి పొడుగు. ఆత్రం ఎక్కువ. ఇదంతా దీంట్లో ఉండాది అయ్యగారూ. తోలు గూడా ఒకప్పుడు పానం ఉన్నదే గదా. చదవండి."

పాస్టరయ్య ఒప్పుకున్నాడు. ఇంక పెట్టె సంగతి. చిన్న పెట్టె చాలని దొరసాని అంది. సంఘం పెద్దలు ఒప్పుకోలేదు. చిన్న పెట్టె మోసుకుపోతే ఎవరో పసిబిడ్డ పోయిందనుకుంటారు, యుద్ధంలో పోయిన మగవాడికి అవమానం అన్నారు. ఎంత పొడుగో చెప్పమని వడ్రంగి దానియేలు అడిగితే దొరసాని తన తల మీద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి ఇంకో జానెడు పైకి లేపింది. అతను అంత పొడుగు పెట్టె చేశాడు. అందులో ఒక మూలన ఒక జత బూట్లు. ఆరుగురు ఎత్తుకున్నారు. బరువే లేదు. ఆసుపత్రి వాకిలి దిగేటప్పుడు పెట్టె ముందుకు వంగింది, లోపల బూట్లు టకటకమని తల వైపుకు పరుగెత్తాయి. గట్టు ఎక్కేటప్పుడు టకటకమని వెనక్కి వచ్చాయి. మోసేవాళ్లలో ఇద్దరు పెట్టె వదిలేసి పారిపోయారట. "నడుస్తాండాడప్పా! లోపల నడుస్తాండాడు!" అని బజారంతా అరిచారు. చివరకు పెట్టె దించి, మూత తీసి, ఆసుపత్రి దూది నింపి, బూట్లను దూదిలో కూర్చోబెట్టి, మళ్లీ ఎత్తారు. దొరసాని ఆ మూడు రోజులూ ఏడవనిది ఆ దూది పెట్టేటప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే నవ్విందని అవ్వ చెప్పేది. రెండూ ఒకే ముఖంలో అట్లా రావడం తాను చూడడం అదే మొదలు అనేది.

నాకు బుద్ధి తెలిసేసరికి ఆ సమాధి మా ఇంటి పనుల్లో ఒకటి. సమాధుల పండగకు వారం ముందే అవ్వ సున్నం నానబెట్టేది. ఇద్దరం పోయి గడ్డి పీకి, కొబ్బరిపీచు కుచ్చెతో సున్నం కొట్టేవాళ్లం. మొదట మా తాతకు, తర్వాత మా అమ్మకు, తర్వాత అలెక్‌కు. కొవ్వొత్తులు, బంతిపూలు, చివరికి ఎవరూ చూడకుండా ఒక చిన్న ఆకులో అన్నం. పోయినవాళ్లకు ఇష్టమైనది పెట్టడం పాస్టరయ్యకు గిట్టదు, అందుకని కొంగు చాటున. అలెక్‌కు రాగిసంగటి, నంచుకోవడానికి చెనిక్కాయల ఊరిబిండి. ఎందుకంటే యుద్ధంలో దొరసానికి ఓడలో వచ్చే ఓట్స్ డబ్బాలు ఆగిపోతే, అవ్వ రాగిపిండితో గంజి కాచి ఉప్పేసి ఇచ్చింది. దొరసాని తాగి, మా ఊరి గంజి ఇట్లనే ఉంటాది అంది. ఆ ఒక్క మాటతో ఆ దేశమంతా సంగటి తినేవాళ్లని అవ్వ తీర్మానించింది. "మరి ఊరిబిండి?" అని నేను అడిగాను. "ఉత్త సంగటి ఎట్ల తింటాడే, పాపం?" అంది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, దొరసాని తన దేశానికి పోవలసిన ఏడు, తమ్ముడి పేరున ఒక ఆట పెట్టించింది. ఆసుపత్రివాళ్లు ఒక జట్టు, బడి అయ్యవార్లు ఒక జట్టు. పెన్నలో నీళ్లు లేవు, ఇసుకలోనే ఆట. మద్రాసు నుంచి బంతి తెప్పించారు. కాంపౌండర్లు పంచెలు ఎగగట్టుకున్నారు. గోలు దగ్గర నిలబడ్డ లెక్కల అయ్యవారు ఎండ అని గొడుగు దించలేదు. నడవగలిగిన రోగులంతా వచ్చారు, నడవలేని ఒకాయన్ని మంచంతో సహా మోసుకొచ్చారు. ఈల పాస్టరయ్య చేతిలో. ఆసుపత్రి జట్టు ఒక గోలు వేయగానే ఆయన ఈల ఊది, ఓడుతున్నవాళ్ల కోసం ప్రార్థన చేయించాడు. ప్రార్థన అయ్యాక, సహోదరులు సమానంగా ఉండాలని అయ్యవార్లకు కూడా ఒక గోలు రాసేశాడు. ఆ తర్వాత ఎవరూ పరుగెత్తలేదు. బంతి మధ్యలో ఉంటే, మీరు తన్నండి అంటే మీరు తన్నండి అని మర్యాదలు చేసుకుంటున్నారు.

దొరసాని కుర్చీలోంచి లేచింది. "తన్నండబ్బా! ఏంది, బంతికి దండం పెడ్తాండారా?" అని అరిచింది. ఎవరూ కదల్లేదు. అప్పుడు ఆమె పావడా రెండు చేతులా ఎత్తి పట్టుకుని, ఇసుకలో పరుగెత్తుకుంటూ పోయి, ఎడమకాలితో తన్నింది. బంతి అందరి తలల మీదుగా పోయి అయ్యవారి గొడుగును తీసుకుని గోలులో పడింది. మంచం మీద రోగి లేచి కూర్చున్నాడు. జనమంతా కేకలు. దొరసాని ఆ ఇసుకలోనే కూలబడి, "నా అబ్బికి నేర్పించింది నేనే. నేనే నేర్పించినా," అంది. ఆ మాట నేను దగ్గరగా విన్నాను. ఆడపిల్ల కాబట్టి ఆమెకు ఎవరూ జీతం ఇవ్వలేదు. ఆమె డాక్టరు చదివింది, తమ్ముడు బంతి తన్నాడు. ఆ బంతి నేర్పించకపోతే గనిలోనే ఉండేవాడు, యుద్ధంలో గనివాళ్లను సైన్యంలోకి రమ్మనలేదట, బతికేవాడు. ఆ లెక్క ఆమె ఎన్నేళ్లుగా మోస్తోందో ఆరోజు అవ్వకు తెలిసింది.

పోయేరోజు దొరసాని సామానంతా బండికి ఎక్కించి, మా వంటగదిలోకి వచ్చి నిలబడింది.

"మార్తమ్మా, నా అబ్బిని చూసుకో."

"నేను ఉండాను గదమ్మా. నువ్వు బొయిరా."

"నువ్వు పోయినాక?"

అవ్వ నా వైపు చూపించింది. "ఇది ఉండాది."

నన్ను ఎవరూ అడగలేదు. తొమ్మిదేళ్ల పిల్లను ఎవరు అడుగుతారు? కానీ దొరసాని నా వైపు తిరిగి, పెద్దమనిషితో చేసినట్టు నాతో చెయ్యి కలిపింది. మళ్లీ ఆమెను చూడలేదు. కొన్ని క్రిస్మస్సులు జాబులు వచ్చాయి, తర్వాత రాలేదు.

మా ఆయన దేవదానానిది పులివెందుల. బోర్లు వేసే లారీకి డ్రైవరు. పెళ్లయిన మొదటి సమాధుల పండగకు జమ్మలమడుగు వచ్చి, ఇదెవరిది అని అడిగాడు. బూట్లది అన్నాను. పొట్ట పట్టుకుని నవ్వాడు. మా అవ్వ సున్నం కుచ్చెతో ఒకటి వేసింది, కొత్త అంగీ మీద అడ్డంగా తెల్లచార పడింది.

"ఏందవ్వా, అల్లున్ని కొడ్తాండావు?"

"పెద్దమనిషిని చూసి నగుతాండావు గదా. దండం పెట్టు."

ఆయన దండం పెట్టాడు. మెల్లగా అలవాటు పడ్డాడు. చీనీకాయల తోటలకు బోర్లు వేసి వేసి వచ్చి, ఏటా ఆ సమాధి గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించి అలెక్‌తో మాట్లాడేవాడు. "మామా, ఈ ఏడు తొమ్మిదొందల అడుగులు దింపినా చుక్క పడలా. రైతు ఏడుస్తాండాడు. మీ గనిలో నీళ్లు వద్దంటే వస్తాండె గదా, ఆ రహస్యం నాకు చెప్పగూడదా?" నేను సున్నం కొడుతూ నవ్వుకునేదాన్ని. ఆయన పోయేముందు నన్ను మామ పక్కనే పెట్టండి అన్నాడు. అప్పటికి అక్కడ ఒక్క చోటే మిగిలింది. దానిలో ఆయన్ని పెట్టాం. నా గురించి అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు, నాతో సహా.

ఆదివారం ఆరాధన అయ్యాక గుడి వెనక గదిలో కమిటీ కూర్చుంది. ఛైర్మన్ ప్రభుదాస్ మాష్టారు రిజిస్టరు తెరిచాడు. నేను నోరు విప్పకముందే వాదన మొదలైంది. ఆడవాళ్ల సమాజం తరఫున వచ్చిన సునందమ్మ లేచింది.

"అసలు ముందు ఇది చెప్పండి. తెరిచిన పొద్దు ఏమన్నా పొరపాటయ్యి బూట్లు లోపలే మిగిల్తే? మొగుడు పక్కన పండుకోనుంటే, ఈమెను పరాయి మగోనితో ఒకే గుంతలో పెడ్తే సంఘం ఏమంటాది?"

"బూట్లు మగోడు ఎట్లయితాదమ్మా?" అన్నాడు రత్నకుమార్.

"మగోళ్ల బూట్లే గదప్పా!"

"ఆయన గూడా వయసులో ఉండగానే పోయినాడంట," అని వెనకనుంచి ఎవరో అన్నారు. మీటింగంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వు వచ్చేదే కదా. ఇంకొకరు, దేవదానం ఆయన్ని మామా అని పిలిచేవాడు కాబట్టి వరుసకు ఈమెకు నాయన అవుతాడు, తప్పు లేదు అన్నారు. మాష్టారు బల్ల మీద తట్టి అందరినీ కూర్చోబెట్టాడు.

"ఇదంతా తర్వాత. సలోమమ్మా, నువ్వు చెప్పు. మాకు ఒక్క మాట చాలు. ఆ సమాధిలో ఉండేది మనిషా, బూట్లా?"

ఆ కాలంలో ఎవరూ చూడని మనిషికి, ఒక జత తోలుకు, ఈ ఊరు ఆరడుగుల నేల ఇచ్చింది. ఇస్తే ఏమవుతుందని ఎవరూ లెక్క వేయలేదు. ఇప్పుడు నేను నా మూడుమూరల చోటు కోసం ఆ మనిషిని బూట్లని చెప్పడానికి వచ్చాను. చెప్పాలనే వచ్చాను, అబద్ధమెందుకు? ఆటో ఎక్కేటప్పుడు కూడా చెబుదామనే ఉంది. పైగా అది నిజమే. ఉన్నవి బూట్లే. మా ఆయన గుర్తుకు వచ్చాడు, గుట్ట మీద ఒంటరిగా నేనూ గుర్తుకు వచ్చాను. నోరు తెరిచాక నాకు వేరే మాటలు వచ్చాయి.

"మనిషే మాష్టారూ. పేరు అలెక్. పొడుగు మనిషి. కుడిమోకాలు మంచిది గాదు. గనిలో దిగినాడు, బంతి తన్నినాడు, యుద్ధానికి పోయినాడు. ఇద్దర్ని మోసకొచ్చినాడు. అక్క ఉండె, ఆమె చేతిలో ఈ ఊర్లో సగం మంది పుట్టినారు. మీరు గూడా."

మాష్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన దొరసాని చేతిలో పుట్టినవాడే, అడ్డం తిరిగిన కాన్పు, మా అవ్వ దీపం పట్టుకుని నిలబడిందట. తర్వాత రిజిస్టరులో, లోపల ఎందరు అనే గడిలో, 'ఒకరు' అని రాశాడు. కింద నాతో సంతకం చేయించాడు. నా సంతకం నాకు ఎప్పుడూ వంకరే, ఆరోజు మాత్రం నిదానంగా చేశాను.

రత్నకుమార్ తల పట్టుకున్నాడు. "అవ్వా, చేతిలోకి వచ్చింది పారేసుకున్యావు గదా. ఇప్పుడు యాడికి పోతావు?"

"యాడికీ పోను నాయనా."

వాకిట్లోకి వచ్చాను. గోడ పట్టుకుని చెప్పులు వేసుకుంటున్నాను. అప్పుడే ప్రొద్దుటూరు నుంచి కూతురు ఫోను చేసింది.

"ఏమన్నారమ్మా కమిటీవాళ్లు?"

"పన్నెండేండ్లు సావొద్దన్నారు మే," అన్నాను. "నేను వచ్చేలోపల మందులంగడికి పోయి, ఆ షుగరు మాత్రలు ఒక నెలకు కాదు, శానా తెచ్చిపెట్టు."